చదవకుండా వదిలిన సగం

గోడవార రాతి అరుగు మీద కాస్త సర్దుకుని కూర్చోండి. విశ్రాంతి దినం కాబట్టి పొలానికి పోయినవాళ్లెవరూ లేరు, సమాజమందిరం నిండిపోయింది. ఊరు నజరేతు. గలిలయ కొండల మధ్య, మహా అయితే కొన్ని వందల మంది ఉండే పల్లె. గోడల వెంబడి మెట్లుమెట్లుగా అరుగులు, మధ్యలో ఖాళీ జాగా. మగ్దలలో 2009లో తవ్వకాల్లో బయటపడిన మందిరంలోనూ, గమలాలోనూ ఇదే అమరిక. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా కూర్చుంటారు. ఎవరి ముఖం ఎప్పుడు మారిందో గదిలో అందరికీ తెలిసిపోతుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మధ్యలో నిలబడ్డ మనిషి మీకు తెలిసినవాడే. వడ్రంగి యోసేపు కొడుకు, ముప్పై ఏళ్లుంటాయి. కొంతకాలంగా ఊళ్లో లేడు. కపెర్నహూములో ఏవో అద్భుతాలు చేశాడని కబుర్లొచ్చాయి. మన ఊరివాడు పొరుగూళ్లో పేరు తెచ్చుకుంటే సంతోషమూ ఉంటుంది, ఇక్కడేం చేస్తాడో చూద్దామన్న పంతమూ ఉంటుంది. గదిలో ఇప్పుడు రెండూ ఉన్నాయి.

పరిచారకుడు ఒక గ్రంథపు చుట్ట తెచ్చి అతని చేతికిచ్చాడు. యెషయా ప్రవక్త గ్రంథం. 1947లో కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట సంగతి తెలిస్తే దీని బరువు మీ చేతికి అందుతుంది. అది 17 తోలుముక్కలను దారంతో కలిపి కుట్టి, 54 కాలమ్‌లలో రాసిన గ్రంథం. పరిస్తే ఏడు మీటర్ల పైచిలుకు. అందులో అధ్యాయాల అంకెలుండవు, అవి వచ్చింది 13వ శతాబ్దంలో. అచ్చులకు గుర్తులు కూడా ఉండవు. కావలసిన చోటు దొరకాలంటే అది ఎక్కడుందో చదివేవాడికి ముందే తెలిసి ఉండాలి.

అతను ఎడమచేత్తో విప్పుతూ, కుడిచేత్తో చుడుతూ పోతున్నాడు. కుడివైపు లావెక్కుతోంది, ఎడమవైపు సన్నబడుతోంది. అంటే గ్రంథం చివరిభాగానికి పోతున్నాడన్నమాట. మీ పక్కనున్న ముసలాయన పెదాలు అప్పుడే కదలడం మొదలుపెట్టాయి. చదవబోయేదేమిటో ఆయనకు తెలిసిపోయింది.

చదివాడు. దేవుని ఆత్మ తన మీద ఉన్నదని, పేదలకు మంచి కబురు చెప్పడానికి తనను అభిషేకించాడని ప్రవక్త అంటాడు. చెరలో ఉన్నవాళ్లకు విడుదల, గుడ్డివాళ్లకు చూపు, నలిగిపోయినవాళ్లకు ఊపిరి, ప్రభువు దయ చూపే ఏడాది. వీటన్నిటినీ చాటమని పంపాడంటాడు.

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. ఈ మాటలు వింటే ఆయనకు ముందుగా గుర్తొచ్చేది పరలోకం కాదు, సెప్ఫోరిస్. ఇక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలోని పట్నం. క్రీ.పూ. 4లో హేరోదు చచ్చిపోగానే హిజ్కియా కొడుకు యూదా అనేవాడు ఆ పట్నంలోని ఆయుధాగారాన్ని కొల్లగొట్టాడు. సిరియా నుంచి రోమా అధిపతి వారస్ దండు దిగింది. పట్నాన్ని తగలబెట్టి, జనాన్ని బానిసలుగా అమ్మేసింది. ఆరు కిలోమీటర్ల అవతల మంట లేస్తే ఈ కొండల మీదికి పొగ కనబడకుండా ఉంటుందా? చెర అన్న మాట ఈ గదిలో ఎవరికీ అలంకారం కాదు. విడుదల అన్న మాటా అంతే. 50 ఏళ్లకోసారి సునాద సంవత్సరం రావాలనీ, తాకట్టు పడ్డ భూమి సొంతదారుకు చేరాలనీ, అమ్ముడుపోయిన మనిషి ఇంటికి తిరిగి రావాలనీ లేవీయకాండంలో చట్టముంది. ప్రభువు దయ చూపే ఏడాది అనగానే వీళ్ల మనసు పోయేది అక్కడికే.

ఇంకో మాట మిగిలింది. యెషయాలో ఆ వాక్యం అక్కడితో ముగియదు. దయ చూపే ఏడాది వెంటనే, అదే ఊపులో, దేవుడు పగ తీర్చుకునే రోజు వస్తుంది. ముసలాయన పెదాలు ఆ మాట మీదికి వెళ్లిపోయాయి కూడా.

అతను ఆగాడు. చుట్ట చుట్టేశాడు. పరిచారకుడి చేతికి తిరిగిచ్చి కూర్చున్నాడు. ఇక్కడ చదివేది నిలబడి, చెప్పేది కూర్చుని. అందరి కళ్లూ అతని మీదే. మీరిప్పుడు విన్న ఈ లేఖనం ఇవాళే నెరవేరింది అన్నాడు.

ఈ దృశ్యం లూకా ఒక్కడే చెప్పాడు. నజరేతువాళ్లు అతణ్ణి తిరస్కరించారని మార్కు, మత్తయి కూడా రాశారు కానీ చదివిందేమిటో వాళ్లు చెప్పరు. పైగా లూకా ఇచ్చిన పాఠంలో ఒక ముక్క 61వ అధ్యాయంలోది కాదు, 58లోది. చుట్టను వెనక్కి తిప్పి చదివాడా, రాసేటప్పుడు లూకాయే కలిపాడా అన్నది పండితుల పేచీ. ఎవరు కలిపినా, ఎక్కడ ఆపాలో తెలిసే ఆపారు. అప్పట్లో ఇదే అధ్యాయాన్ని పట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. కుమ్రాను 11వ గుహలో దొరికిన ఒక చుట్టలో ఇదే యెషయాను, ఇదే సునాద సంవత్సరాన్ని కలిపి, ఆదికాండంలోని యాజకరాజు మెల్కీసెదెకు దిగివచ్చి చెరవాళ్లను విడిపిస్తాడని రాశారు. అయితే వాళ్లు పగతీర్చుకునే రోజును వదల్లేదు. ఆ పని కూడా మెల్కీసెదెకుకే అప్పగించారు.

మళ్లీ గదిలోకి రండి. మొదట మెచ్చుకోలు గుసగుసలే. బాగా మాట్లాడుతున్నాడు. యోసేపు కొడుకే కదూ? అతను అక్కడితో ఊరుకుని ఉంటే మధ్యాహ్నం ఎవరో ఒకరు భోజనానికి పిలిచేవారే. ఊరుకోలేదు. ఏలీయా కాలంలో కరువొచ్చినప్పుడు ఇశ్రాయేలులో విధవరాళ్లకు కొదవా? అయినా దేవుడు ఏలీయాను పంపింది సీదోను దేశంలోని సారెపతుకు, పరాయి విధవ ఇంటికి. ఎలీషా రోజుల్లో కుష్ఠు రోగులకు తక్కువా? బాగుపడింది మాత్రం సిరియావాడైన నయమాను.

ఇప్పుడు ఎదుటి అరుగుల మీది ముఖాలు చూడండి. నయమాను ఎవరు? సిరియా సేనాధిపతి. సెప్ఫోరిస్‌ను కాల్చిన దండు వచ్చిందెక్కడి నుంచి? సిరియా నుంచే. పగతీర్చుకునే రోజును చదవకుండా వదిలింది మరిచిపోయి కాదని అందరికీ ఒక్కసారిగా బోధపడింది. నాకు తోచినంతలో ఈ గదికి కోపం తెప్పించింది తానే అభిషిక్తుణ్ణని అతను చెప్పుకోవడం కాదు. అది వాళ్లు మింగగలిగారు, మెచ్చుకున్నారు కూడా. మింగుడుపడనిది ఆ వదిలేసిన సగం.

ముసలాయన కూడా లేచాడు. అందరితో పాటు మిమ్మల్నీ వాకిట్లోకి నెట్టుకుపోతున్నారు. ఊరికి పైన కొండ అంచుదాకా అతణ్ణి తోసుకుంటూ వెళ్లారు. అక్కణ్ణుంచి కిందికి పడదోయాలని. తోపులాటలో ఎవరి చెయ్యి ఎవరి మీదుందో తెలియలేదు. చూసేసరికి అతను జనం మధ్య నుంచే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక దక్షిణానికి రండి, మృత సముద్రం తూర్పు గట్టున ఉన్న మకైరస్ కోటకు. పెద్ద హేరోదు తిరిగి కట్టించిన కొండకోట ఇది. ఇప్పుడతని కొడుకు అంతిప చేతిలో ఉంది. కిందికి చూస్తే ఉప్పునీటి సముద్రం, ఎండకు తెల్లబారిన కొండలు. బాప్తిస్మమిచ్చు యోహానును బంధించింది ఇక్కడేనని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

యోహానుది ఒంటెరోమాల బట్ట, నడుముకు తోలుపట్టీ. రాజుల రెండో గ్రంథంలో ఏలీయాను ఆనవాలు పట్టింది ఆ తోలుపట్టీతోనే. ప్రభువు దినానికి ముందు ఏలీయా తిరిగొస్తాడని మలాకీ ప్రవచనం. ఆ వేషంలో, ఏలీయా చివరిసారి దాటిన యొర్దాను ఒడ్డునే నిలబడితే జనం ఏమనుకుంటారు? యెరూషలేము నుంచి మనుషులు వచ్చి నువ్వు ఏలీయావా అని అడిగారు. కాదన్నాడు. ఆ ప్రవక్తవా? కాదు. అరణ్యంలో వినపడుతుందని యెషయా చెప్పిన గొంతును నేనే, అంతవరకే అన్నాడు. నజరేతులో చుట్ట చదివిన యేసు మాత్రం, మత్తయి ప్రకారం, రావలసిన ఏలీయా ఇతనే అని తేల్చేశాడు. మనిషి తన గురించి చెప్పుకున్నది తక్కువ, పక్కవాడు కట్టబెట్టింది ఎక్కువ. ఇలాంటి కథల్లో ఇది అరుదు.

ఇప్పుడు జైల్లో అతనికి ఒక సందేహం పట్టుకుంది. రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని శిష్యులను యేసు దగ్గరికి పంపాడు. వాళ్లు వెళ్లారు, చూశారు, తిరిగొచ్చారు. జవాబు తెచ్చారు. యోహాను పక్కన కూర్చుని వినండి.

గుడ్డివాళ్లకు చూపు వస్తోందట. కుంటివాళ్లు నడుస్తున్నారట. కుష్ఠు రోగులు శుద్ధులవుతున్నారట. చెవిటివాళ్లకు వినపడుతోందట. చచ్చినవాళ్లు లేస్తున్నారట. పేదలకు మంచి కబురు అందుతోందట.

ఇవన్నీ దాదాపు యెషయా గ్రంథంలోవే. అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరి కూర్చినవి. యోహాను ఆ గ్రంథాన్ని కంఠతా ఎరిగినవాడు, ఒక్కొక్కటీ చెప్తుంటే లోపల టిక్కు పెట్టుకుంటూ పోయి ఉంటాడు. ఆరు వచ్చాయి. ఒకటి రాలేదు. చెరలో ఉన్నవాళ్లకు విడుదల. నజరేతులో గట్టిగా చదివిన మాటే, ఖైదీకి పంపిన జవాబులో లేదు. కుమ్రాను నాలుగో గుహలో దొరికిన మరో రాతలో కూడా మెస్సీయ కాలంలో జరిగే పనుల జాబితా ఇలాగే ఉంటుంది. చూపు రావడం, చచ్చినవాళ్లు లేవడం, పేదలకు మంచి కబురు. ఖైదీలను విడిపించడం కూడా అందులో ఉంది. అక్కడ ఉన్నది ఇక్కడ లేకపోవడం యోహానుకు పట్టలేదంటే నేను నమ్మను. జాబితా చివర, నా విషయంలో తడబడనివాడు ధన్యుడని ఇంకో మాట కూడా కబురొచ్చింది. అంటే పంపినవాడికీ తెలుసు. ఆ తర్వాత అంతిప పుట్టినరోజు విందు, పళ్లెంలో తల. అది అందరికీ తెలిసిన కథే.

యెరికో నుంచి యెరూషలేముకు ఎక్కుడు దారి. యెరికో సముద్రమట్టానికి రెండు వందల యాభై మీటర్ల దిగువన ఉంటుంది, ఒలీవల కొండ ఎనిమిది వందలకు పైన. పాతిక కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. పస్కా పండక్కి గలిలయ నుంచి కాలినడకన వస్తున్న గుంపులో మీరూ ఉన్నారు. పిక్కలు పట్టేశాయి. బేత్పగే దగ్గరికి వచ్చేసరికి ఇక దిగుడే, పట్నం కనబడబోతోంది. సరిగ్గా ఇక్కడ యేసు ఆగాడు. ఇద్దరు శిష్యులను ముందున్న ఊళ్లోకి పంపాడు. వీధిలో ఒక వాకిలి దగ్గర కట్టేసి ఉన్న గాడిదపిల్లను విప్పుకొచ్చారు. బట్టలు పరిచారు. ఎక్కి కూర్చున్నాడు.

ఇంత దూరమూ నడిచినవాడు ఆఖరి మైలు ఎక్కడమేమిటి? సువార్తల్లో అతను జంతువెక్కి ప్రయాణం చెయ్యడం ఇదొక్కసారే. అలసిపోయి ఎక్కాడనుకునేవాళ్లు ఈ దారిలో ఎవరూ లేరు. జెకర్యా ప్రవచనం పిల్లలకు కూడా తెలుసు. రాజు దీనుడై గాడిదనెక్కి సీయోనుకు వస్తాడు. ఆ వెంటే యుద్ధపు గుర్రాలు యెరూషలేములో లేకుండా పోతాయి. ఇంకా పాతది కావాలంటే, దావీదు తన కంచరగాడిద మీద సొలొమోనును ఎక్కించి గీహోను దగ్గర పట్టం కట్టించాడు. ఆ గీహోను ఊట ఈ కొండ కింది లోయలోనే ఉంది. ఒక్క మాటా మాట్లాడకుండా అతను చెప్పదలచినదంతా చెప్పేశాడు. అరుపులు మొదలయ్యాయి. చెట్లకొమ్మలు, మట్టలు. మన పల్లెల్లో మట్టల ఆదివారం నాడు పిల్లలు పట్టుకు తిరిగే మట్టలకు మూలం ఈ దిగుడు దారే. మత్తయి మాత్రం గాడిదనూ పిల్లనూ రెండింటినీ తెప్పించి, రెండింటి మీదా బట్టలు వేయించాడు. కవిత్వంలో ఒకే జంతువును రెండు రకాలుగా చెప్పడం రివాజు. ప్రవచనం అక్షరం పొల్లుపోకూడదన్న పట్టుదలలో మత్తయి గాడిదలను లెక్కపెట్టాడు.

పండగ రోజుల్లో రోమా సైనికులు దేవాలయం వసారాల మీద కాపలా ఉంటారు. అక్కణ్ణుంచి చూస్తే ఈ కొండ ఎదురుగానే. గాడిదనెక్కి దిగుతున్న మనిషి, చుట్టూ దుమ్ము. వాళ్లు యుద్ధపు గుర్రాల కోసం చూసేవాళ్లు, గాడిదలను పట్టించుకోరు. కానీ ఆ వారం తిరక్కుండానే రోమా అధిపతి పిలాతు ఒక పలక రాయించి యేసు శిలువకు కొట్టించాడు. నేరం కింద రాసింది యూదుల రాజని. గాడిద భాష వాళ్లకూ అర్థమైందన్నమాట, కాస్త ఆలస్యంగా.

పిలాతుకు ఇలాంటి భాషతో ఇంకోసారి పని పడింది. క్రీ.శ. 36లో సమరయ దేశంలో ఒకతను, గెరిజీము కొండ మీద మోషే దాచిన పవిత్ర పాత్రలను చూపిస్తాను రండన్నాడు. మోషే లాంటి ప్రవక్త వస్తాడన్నది సమరయుల ఆశ. కొండకింది ఊళ్లో జనం ఆయుధాలతో పోగయ్యారు. ఎక్కేలోపే పిలాతు గుర్రపుదళం, కాల్బలం దారికి అడ్డంపడి నరికేశాయి. సమరయులు సిరియాలోని పై అధికారి విటేలియస్‌కు ఫిర్యాదు చేశారు. అతను పిలాతును రోముకు వెళ్లి సంజాయిషీ ఇచ్చుకోమన్నాడు. యేసును శిలువ వేయించినందుకు పోని ఉద్యోగం, కొండెక్కనివ్వనందుకు పోయింది.

మరో పదేళ్లు ముందుకు రండి. యొర్దాను ఒడ్డు. క్రీ.శ. 44-46 మధ్య, ఫాదు అనే అధిపతి కాలం. ఈసారి మీ నెత్తిన మూట ఉంది. పక్కన ఒకామె కోళ్లబుట్ట, వంటపాత్రలు, చాపచుట్ట మోసుకొస్తోంది. ఇల్లు వాకిలి వదిలేసి, చేతికందిన సామానంతా కట్టుకుని రమ్మన్నాడు థూదా. తను ప్రవక్తననీ, తను ఆజ్ఞాపిస్తే నది రెండుగా విడిపోతుందనీ, నడిచి దాటొచ్చనీ చెప్పాడు. సామానుతో రమ్మన్నాడంటే తిరిగొచ్చే ఆలోచన లేదనే.

నదిని చూడండి. పొంగు లేనప్పుడు యొర్దాను అంత పెద్ద నదేమీ కాదు. రేవులున్నాయి, రోజూ మనుషులు, గొర్రెలు దాటుతూనే ఉంటారు. అవతలికి పోవడమే పనైతే ప్రవక్త అక్కర్లేదు. వీళ్లు వచ్చింది దాటడానికి కాదు, దాటిన విధానం కోసం. యెహోషువ ముందు ఇదే నది ఆగింది. ఏలీయా దుప్పటితో కొడితే ఆగింది, ఎలీషాకూ ఆగింది. ఇక్కడ నది విడిపోతే దేశం మళ్లీ మొదటినుంచి మొదలైనట్టే. రోముకు కట్టాల్సిన పన్నులు, బాకీలు, అన్నీ ఈ ఒడ్డునే ఉండిపోతాయి.

థూదా వదిలేసిన సగం కూడా ఒకటుంది. యెహోషువ కథలో నీళ్లలో ముందు కాలు పెట్టింది నిబంధన మందసం మోసే యాజకులు. ఆ మందసం బబులోనువాళ్లు దేవాలయాన్ని కూల్చాక మళ్లీ కనబడలేదు. దేవాలయపు లోపలి గది ఖాళీ. అందుకే థూదా దగ్గర తన మాట తప్ప ఏమీ లేదు. మందసం ఏదని ఎవరైనా అడిగారా? మూట దించుకుని నిలబడ్డవాళ్లకు అడిగే ఓపిక ఉండదు.

ఆ మాట పలికాడో లేదో కూడా జోసీఫస్ చెప్పడు. ఫాదు పంపిన గుర్రాలు చెప్పాపెట్టకుండా వచ్చి మీదపడ్డాయి. కోళ్లబుట్ట బోర్లాపడింది. చాలామంది చచ్చారు, చాలామంది బతికుండగానే పట్టుబడ్డారు. థూదాను పట్టుకుని తల నరికి యెరూషలేముకు తీసుకుపోయారు. నది విడిపోతుందో లేదో తేల్చుకునే అవకాశం ఫాదు ఎవరికీ ఇవ్వలేదు. రెండురోజులు ఆగి ఉంటే నది తనంతట తానే ఈ తిరుగుబాటును అణిచేసేది. అధికారానికి అంత ఓపిక ఉండదు, లేదా నమ్మకం ఉండదు. విడిపోతే ఎలాగన్న భయం ఫాదుకు మాత్రం ఉండదా?

లూకాయే రాసిన అపొస్తలుల కార్యములలో గమలీయేలు అనే ధర్మశాస్త్ర బోధకుడు ఇదే థూదాను ఉదాహరణగా చెప్తాడు. వెంట వెళ్లింది నాలుగు వందల మందే అంటాడు. చిక్కేమిటంటే గమలీయేలు ఆ మాట అన్న నాటికి థూదా ఇంకా లేవలేదు. లూకా కాలాల లెక్క ఇక్కడ తప్పిందని కొందరు, అతను వేరే థూదా అని కొందరు. నేను మొదటివాళ్ల పక్షం.

మళ్లీ ఒలీవల కొండ. గాడిద దిగిన ఆ వాలే. మధ్యలో పాతికేళ్లు పోయాయి. ఇప్పటి అధిపతి ఫేలిక్సు, ఒకప్పటి బానిస. రోములో అన్న పలుకుబడితో ఈ పదవికొచ్చాడు. అరణ్యంలోంచి జనాన్ని వెంటేసుకుని ఒకతను వచ్చి ఈ కొండెక్కాడు. ఐగుప్తు నుంచి వచ్చాడని అందరూ ఐగుప్తీయుడనే అంటున్నారు. అసలు పేరు జోసీఫస్ రాయలేదు, లూకా రాయలేదు.

ఇక్కణ్ణుంచి పట్నం మొత్తం కనబడుతుంది. లోయ అవతల గోడ, గోడ వెనక దేవాలయం, దాని మూలన ఆంటోనియా కోట, అందులో రోమా పటాలం. ప్రభువు పాదాలు ఈ కొండ మీద ఆనితే కొండ రెండుగా చీలుతుందని జెకర్యా ప్రవచనం. ఐగుప్తీయుడు దాని జోలికి పోలేదు. తను ఆజ్ఞాపిస్తే ఎదురుగా కనబడే ఆ గోడలు కూలిపోతాయన్నాడు. యెహోషువ కథే, యెరికో గోడలే. కానీ ఏం చేశాడో గమనించారా? యెరికో శత్రువుల పట్నం. ఇప్పుడు ఆ వేషం దావీదు పట్నానికి వేశాడు. దేవుడి ఇల్లున్న ఊరినే కూలాల్సిన ఊరుగా నిలబెట్టాడు. రోమా పటాలం లోపల కూర్చున్నంతకాలం అది యెరూషలేము కాదు, యెరికోయే అని దాని అర్థం. నజరేతులో ఆ మనిషి శత్రువు మీది పగను వాక్యంలోంచి తీసేస్తే, ఇతను శత్రువును సొంత ఇంట్లోనే చూపించాడు. ఇద్దరికీ లేఖనాలవే. ఇంతమంది మధ్య ఇంత ధైర్యమైన పాఠం చెప్పినవాడు మళ్లీ కనబడడు. ఆ ధైర్యానికి జనం ప్రాణాలు ఖర్చయ్యాయన్నది వేరే మాట.

గోడలు కూలలేదు. గోడల్లోంచి ఫేలిక్సు గుర్రాలు, కాలిబంట్లు వచ్చారు. పట్నం జనం కూడా ఫేలిక్సు వైపే నిలబడ్డారని జోసీఫస్ ఒకచోట రాశాడు. తమ ఊరిని యెరికో అంటే ఎవరు ఊరుకుంటారు? వెంట వచ్చింది ముప్పై వేల మంది అని ఒక పుస్తకంలో రాసినవాడే, రెండో పుస్తకంలో నాలుగు వందల మంది చచ్చారు, రెండు వందల మంది దొరికారు అన్నాడు. ఐగుప్తీయుడు మాత్రం తప్పించుకున్నాడు.

తప్పించుకున్న మనిషి ఎప్పటికైనా తిరిగొస్తాడన్న అనుమానం పటాలానికి అలాగే ఉండిపోయింది. కొన్నాళ్లకు దేవాలయం ఆవరణలో గొడవ. అన్యులు దాటకూడని కంచె లోపలికి ఒక ఎఫెసువాణ్ణి తెచ్చాడని ఒకతన్ని జనం బయటికీడ్చి కొడుతున్నారు. కంచె మీద, దాటినవాడి చావుకు వాడే బాధ్యుడని గ్రీకులో చెక్కిన రాళ్లుండేవి. వాటిలో ఒకటి 1871లో దొరికింది. ఆంటోనియా నుంచి పటాలపు పై అధికారి క్లౌదియ లూసియ సైనికులతో పరుగెత్తుకొచ్చాడు. రెండు సంకెళ్లు వేయించాడు. జనం తోపుడికి ఆ మనిషిని మెట్ల మీదికి మోసుకుపోవాల్సి వచ్చింది. మీరు ఆ మెట్ల పక్కనే ఉన్నారు. రక్తం కారుతున్న ఆ మనిషి లూసియతో గ్రీకులో ఏదో అడిగాడు. లూసియ ఉలిక్కిపడ్డాడు. నీకు గ్రీకు వచ్చా, మరి నువ్వు ఆ ఐగుప్తీయుడివి కాదా, నాలుగు వేల మంది హంతకులను అరణ్యంలోకి తీసుకుపోయినవాడివి కాదా అని. వేలల్లో తేడా ఉండొచ్చు గానీ లూసియ అడిగింది మాత్రం జోసీఫస్ చెప్పిన ఆ ఐగుప్తీయుడి గురించే.

కాదు, తార్సువాణ్ణి, యూదుణ్ణి అన్నాడు పౌలు.

రెండు రోజుల్లోనే పౌలును చంపే కుట్ర బయటపడింది. లూసియ అతణ్ణి రాత్రికి రాత్రే పంపించేశాడు. రెండు వందల మంది సైనికులు, డెబ్బై మంది గుర్రపు రౌతులు, రెండు వందల మంది ఈటెలవాళ్లు. ఒక ఖైదీ కోసం నాలుగు వందల డెబ్బై మంది. చేరాల్సింది కైసరయకు, ఐగుప్తీయుణ్ణి తరిమిన ఆ ఫేలిక్సు దగ్గరికే. విచారణలో పౌలు, ధర్మశాస్త్రంలోనూ ప్రవక్తల గ్రంథాల్లోనూ రాసినదంతా నమ్ముతానన్నాడు. కొండెక్కమనలేదు, గోడలు కూలతాయనలేదు. ఫేలిక్సు తీర్పు వాయిదా వేశాడు. భార్య ద్రుసిల్లతో కలిసి ఒకసారి పిలిపించుకుని విన్నాడు. రాబోయే తీర్పు ప్రస్తావన రాగానే భయపడి, ఇప్పటికి వెళ్లు, తీరికైనప్పుడు పిలుస్తానన్నాడు. తీరిక చాలాసార్లే దొరికింది. ఖైదీ దగ్గర డబ్బు ముడుతుందేమోనన్న ఆశతో మాటిమాటికీ పిలిపించుకుని మాట్లాడేవాడని లూకా రాశాడు. రెండేళ్లు గడిచాయి. డబ్బు ముట్టలేదు, విడుదల రాలేదు. ఫేలిక్సు పదవి దిగి వెళ్తూ యూదులను మంచి చేసుకుందామని పౌలును జైల్లోనే వదిలేసి వెళ్లాడు. అతని చోటికి పోర్కియు ఫేస్తు వచ్చాడు. వచ్చిన మూడు రోజులకే యెరూషలేము ప్రయాణం కట్టాడు.